ఎత్తని చెయ్యి

జూలై 11, బుధవారం

రేపు మా కొండలు. నాలుగు కనుమలు ఎక్కాలి. మూడోది మల్‌రూజ్. దాని అవతలి వైపు దిగితే మా ఊరు సెర్వియాక్. ఆ దిగుడు రోడ్డు మీద ముప్ఫై ఏళ్ళు తారు పోసి, కంకర పరిచి, చలికాలం మంచు ఎత్తి రిటైరైన మనిషి మా నాన్న. నేను సైకిల్ నేర్చుకున్నది అక్కడే. మోకాళ్ళ మీది మచ్చలన్నీ ఆ రోడ్డు పెట్టినవే.

పదేళ్ళుగా దేశమంతా చుట్టే సైకిల్ రేసు టూర్‌లో కొండలెక్కుతున్నాను. ప్రతి ఏడూ నాకంటే ముందు ఎవడో ఒకడు ఎక్కుతాడు. కొండల పాయింట్లలో మొదటివాడికిచ్చే ఆ తెల్ల జెర్సీ, దాని మీది ఎర్ర చుక్కలు వాడి ఒంటి మీదికి పోతాయి. ఈసారి మలో. నాకూ వాడికీ ఆరు పాయింట్ల తేడా, అంతే. మలో కెర్‌వెల్లా బ్రిటనీ వాడు, అంతా చదును నేల. వాళ్ళ వైపు కొండ అంటే చర్చి మెట్లే. సైన్యంలో ఏడాదిపాటు ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం. అప్పటి నుంచి ఈ మాట అంటూనే ఉన్నాను. వాడు నవ్వుతూనే ఉన్నాడు, నాకంటే ముందు ఎక్కుతూనే ఉన్నాడు.

పొద్దున బయల్దేరే చోట నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

“ఏరా జెర్వే, రేపు మీ ఇంటి ముందు నుంచే కదా పోవడం. మీ అమ్మ చెయ్యి ఊపేది నాకా, నీకా?”

“ముందెవడుంటే వాడికి.”

“అయితే నాకే. నువ్వు నా వీపు చూస్తూ చుక్కలు లెక్కపెట్టుకో, పొద్దుపోతుంది.”

“పోరా, తట్టు లేచిన పిల్లాడిలా ఉన్నావు. నీ చుక్కలు ఎవడిక్కావాలి?”

నాకే కావాలి. ముప్ఫై రెండేళ్ళొచ్చాయి. ఈసారి రాకపోతే ఇక రాదు. ఒక్కసారి ఆ జెర్సీ వేసుకుని రేసు ముగిసే పారిస్‌లో దిగితే చాలు, ఆ తర్వాత సైకిల్ కొక్కేనికి తగిలించేస్తాను.

జూలై 12

మలో పడ్డాడు.

మల్‌రూజ్ దిగుడులో, ఐదో మలుపు దగ్గర. తుంటి ఎముక, తొడ ఎముక విరిగాయట. తెలివి రాలేదు. తార్బ్ ఆస్పత్రికి తీసుకెళ్ళారు.

నేను ముందున్నాను. వాడు నా వెనక చక్రానికి అంటుకునే ఉన్నాడు. దట్టమైన పొగమంచు. నాకేం కనిపించలేదు. మలుపులో కంకర ఉందట. చప్పుడు మాత్రం విన్నాను, ఇనుము రోడ్డు మీద గీసుకుపోయిన చప్పుడు. ఆ తర్వాత చప్పుడేదీ లేదు. అదే బాగాలేదు. మనిషన్నవాడు పడితే అరుస్తాడు కదా.

నాలుగో కనుమ మీదికి మొదట నేనే ఎక్కాను. మలో రేసులో లేడు కాబట్టి చుక్కల జెర్సీ ఇప్పుడు నాది.

నా తప్పేం లేదు.

జూలై 13

కడిగినా పోవడం లేదు.

శిఖరం మీద చలిగాలికి అడ్డుగా జెర్సీలో ఛాతీ మీద న్యూస్‌పేపర్ దూర్చుకుంటాం. రోడ్డు పక్క జనం చేతికందిస్తారు. నిన్న మల్‌రూజ్ మీద ఒకావిడ అందిస్తే నా చెయ్యి జారిపోయింది. పేపరు మలోకి దక్కింది. వాడు తన పేపరు మధ్యకు చింపి, సగం నాకిచ్చాడు. “తీస్కోరా, చలికి చస్తావు. చస్తే నాకు పోటీ ఎవడు?” అన్నాడు. ఆ సగం పేపరు చెమటకు తడిసి నా ఛాతీకి అంటుకుపోయింది. అక్షరాలు తిరగబడి చర్మం మీద దిగాయి. చదవడానికి రావు. కానీ ఉన్నాయి.

మాలిష్ చేసే ఒనొరే పెద్దాయన కొలోన్‌తో రుద్దాడు.

“అయిపోయింది అబ్బాయ్, సిరా పోయింది. ఇంకా దేన్ని రుద్దుకుంటున్నావు? తోలూడొస్తుంది.”

ఇంకా కనిపిస్తోంది. ఆయనకు చూపు మందగించింది, అందుకే కనిపించలేదు.

ఈ రోజు చుక్కల జెర్సీ వేసుకోలేదు. పోటీలో ఉన్నవాడు పడిపోవడం వల్ల దక్కిన జెర్సీని మర్నాడే వేసుకోవడం మర్యాద కాదు. పెద్దవాళ్ళు అలాగే చేశారు, నేనూ అలాగే చేశాను. పొద్దున మా టీం జెర్సీలోనే వెళ్ళి లైన్లో నిలబడితే జనం లేచి చప్పట్లు కొట్టారు. సాయంత్రం పేపర్లో “మనసున్న మారాజు” అని రాశారు. ఆ పేజీ కూడా దాచాను. ఎందుకు దాచానో నాకే తెలియదు.

ఒక విలేకరి అడిగాడు, “మలుపులో మీరు చెయ్యి చూపించారా?” అని. గుంటైనా, రాయైనా, ఇసకైనా ముందున్నవాడు చెయ్యి కిందికి చాపి వెనకవాడికి చూపించాలి. స్నేహితుడా శత్రువా అని చూడకూడదు. ఈ రూలు ఎక్కడా రాసిలేదు. కానీ దాన్ని తప్పినవాడి పక్కన ఎవడూ భోజనానికి కూర్చోడు. ఆ మాట వినగానే నేను గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాను. “ఆ స్పీడులో రెండు చేతులూ బ్రేకుల మీదే ఉంటాయి సార్, మీరెప్పుడైనా కొండ దిగారా?” అని వాడి మీదే ఎగిరాను. వాడు బెదిరి నోట్లో పెన్సిల్ పెట్టుకున్నాడు.

అవును, అదే నిజం. రెండు చేతులూ బ్రేకుల మీదే ఉన్నాయి. నిన్న కనిపించలేదని రాశాను. చూశాను, కానీ ఆఖరి క్షణంలో. చెయ్యి తీస్తే నేనూ పడేవాణ్ణి.

జూలై 14

రూల్ ప్రకారం ఇక వేసుకోక తప్పదని మేనేజర్ దెల్మాస్ అన్నాడు. వేసుకున్నాను.

కొలత సరిగ్గా సరిపోయింది.

జూలై 15

దిగుడు వచ్చిందంటే నా వెనక చక్రం చప్పుడు వినిపిస్తోంది. మలో సైకిల్ చెయిన్‌కి ఒక చిన్న టిక్కు టిక్కు ఉంటుంది. ఎన్నిసార్లు చెప్పినా బాగుచేయించడు. ఆ చప్పుడే. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. దిగుళ్ళలో టీం మొత్తంలో నేనే వేగం. ఈ రోజు అందరూ నన్ను దాటిపోయారు.

మెకానిక్‌తో నా చెయిన్ మార్పించాను. చప్పుడు పోలేదు.

మలోకి తెలివి వచ్చిందట. దెల్మాస్ భోజనాల దగ్గర చెప్పాడు. అందరూ గ్లాసులు ఎత్తారు. నేనూ ఎత్తాను. సంతోషమేసింది, నిజంగానే వేసింది. గ్లాసు దించకముందే ఇంకో ఆలోచన వచ్చింది. తెలివి వస్తే గుర్తు కూడా వస్తుంది కదా.

జూలై 16. విశ్రాంతి రోజు

ఇవాళ ఫోన్ వచ్చింది. హోటల్ గుమాస్తా పిలిస్తే కిందికి వెళ్ళాను. ఫోన్లో మలో భార్య సోయిజిక్. “ఆయన మాట్లాడతాడట, రెండు నిమిషాలే, అలిసిపోతాడు” అంది. తర్వాత మలో గొంతు. గొంతులో ఇసక పోసినట్టుంది.

“ఏరా, నా జెర్సీ జాగ్రత్తగా ఉతికిస్తున్నావా?”

“నువ్వెలా ఉన్నావో చెప్పు ముందు.”

“ఎలా ఉంటాను? తుంటిలో మేకులు కొట్టారు. ఇక రేసులు లేవన్నారు డాక్టరు. నడిపిస్తారట, చూద్దాం.” ఆగి, దమ్ము తీసుకున్నాడు. “జెర్వే, నాకు శిఖరం మీద పేపరు చింపడం వరకే గుర్తుంది. ఆ తర్వాత ఆస్పత్రి కప్పు. మధ్యలో ఏమీ లేదు.”

ఫోన్ తీగ వేలికి చుట్టుకున్నాను.

“సోయిజిక్‌కి పిచ్చెక్కిపోతోంది. ఎవడి తప్పో తేల్చాలంటోంది. నేను చెప్పాను, ముందున్నది జెర్వే, వాడు చూపించకుండా ఉండడు, నేనే ఎటో చూస్తుంటానని. అంతే కదరా? చూపించావు కదా?”

“ఊఁ” అన్నాను.

ఊఁ అన్నాను. అవుననలేదు. ఊఁ అంటే వింటున్నానని కూడా కదా.

తేలు కుట్టిన దొంగలా మెట్లెక్కి గదికి వచ్చాను. ఊఁ అన్నాను.

జూలై 17

ఆల్ప్స్‌లో మొదటి రోజు. ఎండ, రోడ్డు అద్దంలా ఉంది. మూడో కనుమ దిగుతుంటే నా ఎడమ చెయ్యి దానంతటదే లేచి కిందికి చూపించింది. వెనక పదిహేను మంది ఒక్కసారిగా బ్రేకులు నొక్కారు. ఇద్దరు ఒకరినొకరు గుద్దుకుని పడబోయి నిలదొక్కుకున్నారు.

“ఎక్కడ్రా రాయి?” అని ఒక బెల్జియంవాడు అరిచాడు.

“ఇసక” అన్నాను.

“ఇసకా? నీ కళ్ళలో ఉందేమో! ఇంకోసారి చెయ్యి లేపావంటే విరుస్తాను.”

మా టీం కుర్రవాడు లూబాన్ నా పక్కకొచ్చి, “అన్నా, ఈ రోజు ఇది నాలుగోసారి” అన్నాడు మెల్లగా. మిగతా మూడూ నాకు తెలియనే తెలియదు.

జూలై 18

సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను. జెర్సీ ఇంకా నా దగ్గరే ఉందనీ, ఇక ఇద్దరే పోటీలో ఉన్నారనీ చెబుదామనుకున్నాను. అమ్మ వినిపించుకోలేదు.

“మీ నాన్న సంగతి నువ్వే అడుగు. రోజూ పొద్దున్నే చీపురు పట్టుకుని ఐదో మలుపుకి పోతున్నాడు. ఊడ్చిందే ఊడుస్తున్నాడు. రోడ్డు పనివాళ్ళు నవ్వుతున్నారట.”

నాన్న ఫోన్లో మాట్లాడే రకం కాదు. ఈ రోజు ఆయనే అమ్మ చేతిలోంచి లాక్కున్నాడు.

“ముందురోజు సాయంత్రం నేను చూశాన్రా. తారు పూసిన చోట కంకర వదులుగా పోసి వెళ్ళిపోయారు కుర్రాళ్ళు. ఊడుద్దామని చీపురు కూడా పట్టుకెళ్ళాను.”

“మరి?”

“మావాడికి ఈ మలుపు తెలుసు, మిగతా వాళ్ళకి తెలీదు అనుకున్నాను. చీపురు భుజానేసుకుని ఇంటికొచ్చేశాను.”

నాన్న ఏడవడం ఎప్పుడూ వినలేదు. అది దగ్గు అనుకున్నాను మొదట.

“నువ్వు చెయ్యి చూపించావు కదా? చూపించుంటే ఇంక నా తప్పు కూడా అంత… చూపించావు కదా, జెర్వే?”

“లైను సరిగ్గా లేదు నాన్నా, వినపడ్డం లేదు” అన్నాను. లైను శుభ్రంగా ఉంది. వెనకాల మా గోడ గడియారం కొట్టుకోవడం కూడా వినిపించింది.

జూలై 19

ఏమీ లేదు. మూడో స్థానం. చుక్కలు నావే.

జూలై 20

ఈ రోజుతో కొండలన్నీ అయిపోయాయి. ఆఖరి కనుమ మీద రెండోవాణ్ణి. లెక్కలు తేలిపోయాయి. ఇక పారిస్ దాకా పడిపోకుండా వెళితే చాలు, జెర్సీ నాదే. దెల్మాస్ నన్ను ఎత్తుకున్నంత పని చేశాడు. ఒనొరే పెద్దాయన మాత్రం మాలిష్ బల్ల మీద నా ఎడమ చెయ్యి పట్టుకుని వేళ్ళు విప్పడానికి చూశాడు. “ఇది వారం నుంచి ఇలా బిగుసుకునే ఉంది. దేన్ని పట్టుకున్నావయ్యా ఇంత గట్టిగా?” అని అడిగాడు. నవ్వేశాను.

సరే, రాస్తాను. దీన్ని నేను తప్ప ఎవరు చదువుతారు గనక.

పొగమంచు నిజమే. కానీ ఐదో మలుపుకి నాకు కళ్ళు అక్కర్లేదు. ఊట నీళ్ళు రోడ్డు మీద పారే చోటు అది. తారు ప్రతి ఏడూ అక్కడే లేచిపోతుంది, ప్రతి వేసవీ అక్కడే కంకర పోస్తారు. ఏడేళ్ళ వయసులో నాన్న పక్కన నిలబడి పార అందించాను. శిఖరం మీద పేపరు తీసుకుంటున్నప్పుడే అనుకున్నాను, ఐదో మలుపులో లోపలి అంచు పట్టుకోవాలని. దగ్గరికొచ్చేసరికి కనిపించింది కూడా. బూడిదరంగు మరక. ఒకటి, రెండు లెక్కపెట్టేంత టైముంది. చెయ్యి చూపించడానికి ఒకటి చాలు.

చెయ్యి లేచింది. అదే నేను ఇన్నాళ్ళూ రాయనిది. అలవాటు కొద్దీ బ్రేకు మీద నుంచి అదే లేచింది. నేనే మళ్ళీ పెట్టేశాను.

వాడు పడతాడనుకోలేదు. దేవుడి మీద ఒట్టు. జారతాడు, భయపడతాడు, బ్రేకు నొక్కుతాడు, నాకు యాభై మీటర్లు దొరుకుతాయి, నాలుగో కనుమకి ముందు నేనే చేరతాను అనుకున్నాను. యాభై మీటర్లు. వాడు నాకు సగం పేపరిచ్చి ఐదు నిమిషాలు కూడా కాలేదు.

జూలై 22. పారిస్

పోడియం ఎక్కించారు. కొత్త చుక్కల జెర్సీ తొడిగారు. “ఎడమ చెయ్యి ఎత్తండి, పూలగుత్తి అటువైపుంది, ఫొటో బాగా వస్తుంది” అన్నారు.

కుడి చెయ్యి ఎత్తాను.

జూలై 25

తార్బ్ రైల్లో రాస్తున్నాను. సంచిలో జెర్సీ, సగం పేపరు ఉన్నాయి. చెప్పేస్తాను. సోయిజిక్ ముందే చెబుతాను. కొడితే కొట్టనీ. పేపర్లో వేసుకున్నా వేసుకోనీ. జెర్సీ తిరిగిచ్చేయమంటే ఇస్తాను. నాన్నకి కూడా చెబుతాను. ముందు మలోకి.

జూలై 25, సాయంత్రం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

సోయిజిక్ గదిలో లేదు, కింద కాఫీకి వెళ్ళింది. మలో సగమయ్యాడు. కాలు తాళ్ళతో పైకి కట్టి ఉంది. నన్ను చూడగానే దిండు కింద చెయ్యి పెట్టి ముడతలు పడ్డ కాగితం తీశాడు. పేపరులో వాడి సగం. నర్సు ఎండబెట్టి ఇచ్చిందట.

“పదిరోజుల నుంచి ఈ గళ్ళ నుడికట్టుతో చస్తున్నాను. గళ్ళు నా దగ్గరున్నాయి, ప్రశ్నలు నీ సగంలో పోయాయి. తెచ్చావా?”

తెచ్చాను. మంచం మీద రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టాడు. చినుగు చినుగుకి సరిపోయింది. “అడ్డం ఒకటి, మూడక్షరాలు…” అని మొదలుపెట్టాడు.

“మలో, నేను చెయ్యి చూపించలేదు.”

వాడు కాగితం మీద నుంచి తల ఎత్తలేదు.

“కంకర ఉందని నాకు తెలుసు. చూశాను. చెయ్యి లేచింది కూడా, నేనే దించేశాను. నీకంటే ముందు నాలుగో కనుమ ఎక్కాలని.”

చాలాసేపు కాగితాన్ని అరచేత్తో సాపు చేస్తూ ఉన్నాడు.

“చూపించావు” అన్నాడు.

“లేదురా.”

“చూపించావు. నాకు గుర్తొచ్చింది. ఎడమ చెయ్యి, ఇలా కిందికి.”

“అబద్ధం. నీకు పేపరు దాకే గుర్తుందని నువ్వే…”

“ఒరేయ్, విను.” అప్పుడు చూశాడు నా వైపు. వాడి కళ్ళలో కోపం ఉంటుందేమోనని ఇన్ని రోజులు భయపడ్డాను. కోపం కాదు, అంతకంటే పాడుది, బతిమాలడం. “ఏడాది ఈ మంచం మీద పడుండాలి నేను. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ కుంటాలి. నా తప్పు వల్ల పడ్డానంటే పడుండగలను. నేను ఎటో చూశాను, పడ్డాను, సరే. నువ్వు పడేశావంటే ఈ మంచం మీద ఒక్క రోజు కూడా ఉండలేను. సైన్యంలో గది దగ్గర్నుంచి అన్నీ మళ్ళీ మొదలెట్టి ఆలోచించుకోవాలి. నాకా ఓపిక లేదు. అందుకని చూపించావు. అర్థమైందా?”

“మరి నేనో?” అన్నాను. ఎంత సిగ్గులేని మాట. నోరు జారి వచ్చేసింది.

“నీ సంగతి నువ్వు చూసుకో. నువ్వు నడుస్తున్నావు కదా.”

జెర్సీ తీసి మంచం మీద పెట్టాను. వాడు ముట్టుకోలేదు. “తీసుకుపో, కింద పడేసేలా ఉన్నాను” అన్నాడు.

తలుపు తోసుకుని సోయిజిక్ వచ్చింది. చేతిలో కాఫీ కప్పు, కళ్ళ కింద నల్లటి వలయాలు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“వచ్చావా జెర్వే. నేను నిన్నొకటి అడగాలి.”

“అడుగు.”

“ఎవరెవరో ఏదేదో అంటున్నారు. నాకు నీ నోటితో చెప్పు. చూపించావా?”

మలో నుడికట్టు మీదికి వంగాడు. పెన్సిల్ పట్టుకున్నాడు, రాయలేదు.

“ఎలా చూపించావో అది కూడా చూపించు” అంది ఆమె. “నిద్ర పట్టడం లేదు నాకు. ఒక్కసారి చూస్తే చాలు.”

రెండు వారాలుగా బిగుసుకుపోయిన ఎడమ చెయ్యి. పోడియం మీద ఎత్తనిది. ఎత్తాను. వేళ్ళు చాపి, ఆస్పత్రి నేల వైపు, ఇదిగో ఇక్కడ జాగ్రత్త అన్నట్టు, చూపించాను. సరిగ్గా చూపించాను. చిన్నప్పుడు నేర్చుకున్నట్టే.

సోయిజిక్ కాఫీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టి వచ్చి, ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది. “నీ మీద అనుమానపడ్డాను, క్షమించు” అంది. ఆమె చేతులు కాఫీ వేడికి వెచ్చగా ఉన్నాయి.

“అడ్డం ఒకటి” అన్నాడు మలో, మా వైపు చూడకుండా. “మూడక్షరాలు. చదవరా.”

ప్రశ్నలున్న సగం నా వైపే ఉంది. చదివాను.